పెళ్లి వీడియోల ఎడిటింగ్ సిస్టమ్‌లో మరో 4 హార్డ్ డిస్కులు: ప్రాజెక్టు డైరీ

1వ రోజు: ఉన్నదెంత, కావాల్సిందెంత

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక స్టూడియో సిస్టమ్ ఇది. ఇంటెల్ ఐ5 10400 ప్రాసెసర్, హెచ్410 మదర్‌బోర్డు, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు. విండోస్ 500 జీబీ ఎన్‌వీఎంఈ (బోర్డు మీద నేరుగా గుచ్చే ఎస్‌ఎస్‌డీ) మీద ఉంది. ఎడిట్ చేసే ఫైళ్లు 1 టీబీ సాటా ఎస్‌ఎస్‌డీ మీద, పాత ఫుటేజీ 2 టీబీ హార్డ్ డిస్కు మీద ఉన్నాయి. ఆ 2 టీబీ నిండిపోయింది. మిగతా ఫుటేజీ అంతా బీరువాలో, పోర్టబుల్ డిస్కుల్లో, ఒక్కొక్క కాపీగానే ఉంది.

ఎంత చోటు కావాలో ముందు లెక్క వేశాం. కెమెరాలో 4కే రికార్డింగ్ 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) దగ్గర పెడితే సెకనుకు 12.5 ఎంబీ, గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు, ఎనిమిది గంటలు తిరిగితే 720 జీబీ. 8 టీబీ డిస్కులో ఇలాంటి పెళ్లిళ్లు 11 పడతాయి. పెళ్లి రెండోసారి జరగదు కాబట్టి ప్రతి ఫైలూ రెండు డిస్కుల మీద ఉండాలన్నది ఈ పనిలో మొదటి షరతు. అందుకే 8 టీబీవి నాలుగు తీసుకుని రెండు జతలుగా మిర్రర్ చేయాలని నిర్ణయించాం. వాడుకోవడానికి దక్కేది 16 టీబీ, అంటే 22 పెళ్లిళ్లు.

డిస్కు కొనే ముందు అది సీఎంఆరా (డేటా రాసే ట్రాకులు విడివిడిగా ఉండే రకం), ఎస్‌ఎంఆరా అని చూసుకోవాలి. ఎస్‌ఎంఆర్‌లో ట్రాకులు ఇంటి మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. ఒక ట్రాక్ మార్చాలంటే పక్కవి కూడా తిరగరాయాలి. అందుకే పెద్ద కాపీ మధ్యలో స్పీడు ఒక్కసారిగా పడిపోతుంది, మిర్రర్ రిపేరుకు రోజులు పడుతుంది. 2020లో వెస్ట్రన్ డిజిటల్ రెడ్ శ్రేణిలో 2 నుంచి 6 టీబీ వరకు కొన్ని మోడళ్లు ఎస్‌ఎంఆర్ అని బయటపడింది. ఆ తర్వాత ఆ కంపెనీ సీఎంఆర్ వాటిని రెడ్ ప్లస్ పేరుతో విడిగా అమ్ముతోంది. పెట్టె మీది బొమ్మను నమ్ముకోకండి. పూర్తి మోడల్ నంబరుతో కంపెనీ డేటాషీట్ తెరిచి చూడండి.

క్యాబినెట్ పాత రకం కావడం ఇక్కడ కలిసొచ్చింది. ముందు వైపు కింద మూడు 3.5 అంగుళాల గదులు, పైన రెండు 5.25 అంగుళాల డీవీడీ గదులు ఉన్నాయి. డీవీడీ గదుల్లో 3.5 అంగుళాల డిస్కు కూర్చోబెట్టే ఇనప బ్రాకెట్లు దొరుకుతాయి. రెండు కొన్నాం. పాతది, కొత్తవి కలిపి ఐదు హార్డ్ డిస్కులకూ చోటు సరిపోయింది.

డిస్కుల డేటా కేబుళ్లు గుచ్చే సాటా పోర్టులు మాత్రం చాలలేదు. హెచ్410 బోర్డు మీద ఉన్నవి 4, కావాల్సినవి 6. గ్రాఫిక్స్ కార్డు పెద్ద స్లాట్‌లో కూర్చుంది కాబట్టి మిగిలింది చిన్న ఎక్స్1 స్లాట్. ఈ బోర్డులో ఆ స్లాట్ పీసీఐఈ 2.0 రకం కాబట్టి మొత్తం సెకనుకు 500 ఎంబీకి మించి దాటదు. ఒక హార్డ్ డిస్కు బయటి ట్రాకుల మీద సుమారు 200 ఎంబీ ఇస్తుంది. అంటే ఆ కార్డు మీద రెండు డిస్కులు ఇబ్బంది లేకుండా నడుస్తాయి, నాలుగు పెడితే ఒకదాని దారికి ఒకటి అడ్డం. ఏఎస్‌ఎం1064 చిప్ ఉన్న నాలుగు పోర్టుల కార్డు తీసుకుని రెండే పోర్టులు వాడాలనుకున్నాం. చవగ్గా ఎనిమిది, పది పోర్టులు ఇచ్చే కార్డుల్లో చాలావాటికి లోపల పోర్ట్ మల్టిప్లయర్, అంటే ఒకే దారిని చాలా పోర్టులకు పంచే చిప్, ఉంటుంది. ఒక డిస్కు మొరాయిస్తే దాని వెనకున్న మిగతావి కూడా మాయమవుతాయి. మిర్రర్ పనికి అవి వద్దు.

ఎన్‌వీఎంఈ గుచ్చే ఎం.2 స్లాట్‌లో సాటా రకం ఎస్‌ఎస్‌డీ పెడితే ఒక సాటా పోర్టు ఆగిపోయే బోర్డులు కూడా ఉన్నాయి. ఇందులో ఉన్నది ఎన్‌వీఎంఈ కాబట్టి ఆ చిక్కు రాలేదు. అయినా మాన్యువల్‌లో ఆ పేజీ చూశాకే కార్డు ఆర్డర్ పెట్టాం.

2వ రోజు: ఎస్‌ఎంపీఎస్ లెక్క

సిస్టమ్‌లోని భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టె ఎస్‌ఎంపీఎస్. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. డిస్కులు కలిపేటప్పుడు అందరూ అడిగే ప్రశ్న "450 వాట్లు సరిపోతుందా?" అని. అడగాల్సినవి మూడు. 12 వోల్టుల లైన్ ఎన్ని ఆంపియర్లు ఇస్తుంది? డిస్కులన్నీ ఒకేసారి తిరగడం మొదలుపెడితే ఎంత లాగుతాయి? ఆ కరెంటు ఏ తీగలోంచి, ఏ కనెక్టర్‌లోంచి పోతుంది?

హార్డ్ డిస్కులో మోటారు 12 వోల్టుల మీద, సర్క్యూట్ 5 వోల్టుల మీద నడుస్తాయి. తిరుగుతున్నప్పుడు మొత్తం 5 నుంచి 8 వాట్లే. ఆగి ఉన్న ప్లాటర్లను (లోపలి పళ్లేలను) 7200 ఆర్‌పీఎంకు తెచ్చే ఆ పది సెకన్లలో మాత్రం ఒక్కో డిస్కు 12 వోల్టుల మీద 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. బోరు మోటారు స్టార్టయ్యేటప్పుడు ఇంట్లో లైట్లు ఒక్క క్షణం మసకబారతాయి కదా, అదే సంగతి. సాటా ఎస్‌ఎస్‌డీకి ఈ గొడవ లేదు. దానికి 5 వోల్టులే, 2 నుంచి 4 వాట్లు. ఎన్‌వీఎంఈ తన కరెంటును బోర్డు నుంచే తీసుకుంటుంది, ఎస్‌ఎంపీఎస్ వైరు అక్కర్లేదు.

కాగితం మీద వేసిన లెక్క, 12 వోల్టుల లైన్‌కు మాత్రమే:

రెండర్ చేసేటప్పుడు (ఎడిట్ చేసిన వీడియోను చివరి ఫైలుగా తయారు చేసేటప్పుడు): ప్రాసెసర్ పేరుకు 65 వాట్లదే కానీ, మొదటి కొన్ని పదుల సెకన్లు 134 వాట్ల వరకు వెళ్లడానికి ఇంటెల్ అనుమతిస్తుంది. బోర్డులో పోయేది కలిపి 148. గ్రాఫిక్స్ కార్డు 70, ఫ్యాన్లు 8, తిరుగుతున్న ఐదు డిస్కులు 25. మొత్తం 251 వాట్లు, దాదాపు 21 ఆంపియర్లు.

స్విచ్ వేసిన క్షణాన: ఐదు డిస్కులు ఒక్కోటి 2 చొప్పున 10 ఆంపియర్లు, అంటే 120 వాట్లు. అప్పటికి ప్రాసెసర్ 40, కార్డు 15, ఫ్యాన్లు 8. మొత్తం 183 వాట్లు, 15 ఆంపియర్లు.

ఇప్పుడు పాత ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్. క్యాబినెట్‌తో పాటు వచ్చింది అది. పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉంది. కింద పట్టికలో 12 వోల్టుల గడిలో ఉన్నది 16 ఆంపియర్లు, అంటే 192 వాట్లు. మిగతా వాట్లన్నీ 5, 3.3 వోల్టుల గడుల్లో చూపించారు. నేటి సిస్టమ్‌కు అవి పెద్దగా అక్కరకు రావు. అంటే కొత్త డిస్కులు కలపకముందే ఇది రెండర్ మొదటి అర నిమిషంలో హద్దు దాటుతోంది. రెండర్ నొక్కగానే అప్పుడప్పుడు సిస్టమ్ రీస్టార్ట్ అవుతోందని స్టూడియో వాళ్లు చెప్పిన మాటకు కారణం ఇదే అనిపించింది. మల్టీమీటర్ పెట్టి చూశాం.

మోలెక్స్ (నాలుగు పిన్నుల పాత రకం పవర్ ప్లగ్) కనెక్టర్ వెనక నుంచి ఎర్ర ప్రోబ్ పసుపు తీగ గూట్లోకి, నల్ల ప్రోబ్ పక్క నల్ల తీగ గూట్లోకి దూర్చాలి. ప్రోబ్ కొన పక్క పిన్నుకు తగిలితే షార్ట్ అవుతుంది, చేయి కదలకూడదు. ఖాళీగా ఉన్నప్పుడు 11.92. రెండర్ మొదలెట్టగానే 11.38. పీసీ ఎస్‌ఎంపీఎస్‌లకు ఉన్న ఏటీఎక్స్ నియమం ప్రకారం 12 వోల్టుల లైన్ 11.4కు తగ్గకూడదు, 12.6 దాటకూడదు. పైగా మామూలు మల్టీమీటర్ సెకనుకు రెండు మూడు సార్లే చదువుతుంది. మధ్యలో వచ్చే చిన్న పల్లాలు దానికి కనపడవు. మీటరు 11.38 చూపించిందంటే అసలు పల్లం ఇంకా లోతుగా ఉండొచ్చు. ఈ ఎస్‌ఎంపీఎస్‌కు నాలుగు డిస్కులు తగిలించే ప్రసక్తే లేదు. తీసేశాం.

కొత్తది 550 వాట్లు, 12 వోల్టుల మీద 45 ఆంపియర్లు. అంటే 550లో 540 వాట్లు ఆ ఒక్క లైన్ మీదే దొరుకుతాయి. మంచి ఎస్‌ఎంపీఎస్‌ను గుర్తుపట్టడానికి ఇది చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. వాట్లతో పాటు మేం చూసింది సాటా పవర్ ప్లగ్గులు ఎన్ని అని. రెండు విడి కేబుళ్లు, ఒక్కో దానికి మూడు ప్లగ్గులు, మోలెక్స్ కేబుల్ ఒకటి. మనకు కావాల్సినవి సరిగ్గా ఆరు. ఒక కేబుల్ మీద మూడు హార్డ్ డిస్కులు, రెండో దాని మీద రెండు హార్డ్ డిస్కులు, ఒక ఎస్‌ఎస్‌డీ. ఒక ప్లగ్‌ను చీల్చే స్ప్లిటర్ అనే మాటే అక్కర్లేదు అనుకున్నాం.

స్ప్లిటర్ ఎందుకు వద్దంటే

ఒక సాటా పవర్ ప్లగ్‌లో 15 పిన్నులు ఉంటాయి. 3.3, 5, 12 వోల్టులకు మూడేసి. ఒక్కో పిన్ను తట్టుకునేది 1.5 ఆంపియర్లు. అంటే 12 వోల్టులకు ఆ ప్లగ్ మొత్తం మీద 4.5 ఆంపియర్లు. సాటా నుంచి సాటాకు చీల్చే వైరు కొని ఒక ప్లగ్‌కు నాలుగు హార్డ్ డిస్కులు వేలాడదీస్తే స్టార్టింగ్‌లో 8 ఆంపియర్లు, హద్దుకు దాదాపు రెట్టింపు. సాటా ప్లగ్ నుంచి చీల్చక తప్పదంటే రెండు హార్డ్ డిస్కులకు మించకూడదు. ఎస్‌ఎస్‌డీలైతే నాలుగు పెట్టుకోవచ్చు.

మోలెక్స్ పిన్ను మోటుగా, గట్టిగా ఉంటుంది. ఒక్కోటి 10 ఆంపియర్ల వరకు మోయగలదు. అక్కడ ఇబ్బంది తీగతో వస్తుంది. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే 18 గేజి తీగకు మీటరుకు 21 మిల్లీఓమ్‌ల నిరోధం. 60 సెంటీమీటర్లలో 10 ఆంపియర్లు పోతే పసుపు తీగలో 0.13 వోల్టు, నల్ల తీగల్లో ఇంకో 0.08 పోతుంది. దాని చివర 22 గేజి సన్న తీగతో చేసిన 30 సెంటీమీటర్ల స్ప్లిటర్ తగిలిస్తే ఆ చిన్న ముక్కే పావు వోల్టు తింటుంది. ఎస్‌ఎంపీఎస్ దగ్గర 12.0 ఉన్నా డిస్కు దగ్గర 11.5. చివరి డిస్కు టిక్కుమని ఆగి, మళ్లీ తిరగడానికి ప్రయత్నిస్తుంది. డిస్కు పాడైందనుకుని మార్చేస్తారు. కొత్తదీ అదే చేస్తుంది.

ఇంకో సంగతి భద్రతకు సంబంధించింది. మోలెక్స్ నుంచి సాటాకు మార్చే అడాప్టర్లలో రెండు రకాలు. ఒకటి, తీగలు ప్లగ్‌లో పెట్టి చుట్టూ కరిగిన ప్లాస్టిక్ పోసి బిగించినవి, అంటే మోల్డెడ్ రకం. ప్లాస్టిక్ పోసేటప్పుడు తీగ పోగులు పక్కకు జరగొచ్చు. పిన్నుకు పిన్నుకు మధ్య దూరం 1.27 మిల్లీమీటర్లే. కొన్ని నెలల వేడికి ప్లాస్టిక్ మెత్తబడితే 12 వోల్టులు పక్కదానికి తగులుతాయి. ప్లగ్ కరిగి, నిప్పంటుకుని, డిస్కు కూడా పోయిన సందర్భాలు ఉన్నాయి. రెండోది క్రింప్ రకం. ఒక్కో తీగకు ఒక్కో ఇత్తడి టెర్మినల్ నొక్కి, దాన్ని గూట్లోకి తోస్తారు. ప్లగ్ వెనక చూస్తే తీగలు విడివిడిగా లోపలికి పోతూ కనపడతాయి. వెనక అంతా నున్నటి ఒకే ముద్ద ప్లాస్టిక్ అయితే కొనకండి, ఇంట్లో ఉంటే తీసి పారేయండి.

3వ రోజు: ఎస్‌ఎంపీఎస్ మార్పిడి

కొత్త ఎస్‌ఎంపీఎస్‌ను నేరుగా డిస్కులకు తగిలించలేదు. ముందు బల్ల మీద విడిగా పరీక్షించాం. 24 పిన్నుల ప్లగ్‌లో ఆకుపచ్చ తీగ ఒకటే ఉంటుంది. దాన్ని ఏదైనా నల్ల తీగతో చిన్న తీగ ముక్కతో కలిపితే ఎస్‌ఎంపీఎస్ ఆన్ అవుతుంది. తీగలన్నీ నల్లగా ఉండే మోడళ్లలో అది 16వ పిన్ను. మోలెక్స్ దగ్గర 12.09, 5.03 వచ్చాయి. 5 వోల్టులకు హద్దులు 4.75, 5.25. బాగుంది.

ఇది సెమీ మాడ్యులర్, సాటా కేబుళ్లు విడిగా గుచ్చుకోవాలి. ఆ పెట్టెలో వచ్చిన కేబుళ్లే వాడాలి. ఎస్‌ఎంపీఎస్ వైపు ప్లగ్ ఆకారం ఒకేలా ఉన్నా, ఏ గూట్లో ఏ వోల్టేజి అన్నది కంపెనీ కంపెనీకీ, ఒకే కంపెనీలో మోడల్ మోడల్‌కూ మారుతుంది. పాత పెట్టెలోంచి ఇంకో కేబుల్ తీసి గుచ్చితే సరిగ్గా కూర్చుంటుంది, ఆన్ చేయగానే 5 వోల్టుల చోట 12 వెళ్లి డిస్కులన్నీ ఒకేసారి పోతాయి. పాత కేబుళ్లను అదే రోజు అక్కడి నుంచి పంపించేశాం.

పాత డిస్కులు తగిలించి ఆన్ చేశాం. రెండర్‌లో 12 వోల్టుల లైన్ 11.98 దగ్గర నిలబడింది. రీస్టార్ట్ కాలేదు.

4వ రోజు: బిగింపు, రెండు అడ్డంకులు

3.5 అంగుళాల డిస్కుకు 6-32 అనే ముతక మర స్క్రూలు. 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీకి ఎం3 అనే సన్న మరవి. రెండూ ఒకే డబ్బాలో కలిసి ఉంటాయి. ఎం3 స్క్రూ హార్డ్ డిస్కు బెజ్జంలో వదులుగా తిరుగుతుంది, 6-32ను ఎస్‌ఎస్‌డీలో బలవంతంగా తిప్పితే మర చెడుతుంది. వేళ్లతో రెండు చుట్లు తేలిగ్గా తిరిగితేనే స్క్రూడ్రైవర్ పెట్టాలి.

మొదటి అడ్డంకి ట్రేల దగ్గర వచ్చింది. ఈ క్యాబినెట్ ట్రేకు స్క్రూలు అక్కర్లేదు, పక్కన ఉన్న మేకుల్లాంటివి డిస్కు బెజ్జాల్లో కూర్చుంటాయి. పాత 2 టీబీకి సరిపోయాయి. 8 టీబీకి మధ్య బెజ్జం లేదు. లోపల ప్లాటర్లు ఎక్కువైన పెద్ద డిస్కుల్లో చాలావాటికి ఇంతే. మధ్య మేకును కట్టర్‌తో తీసేసి, ముందు మేకు బెజ్జంలో ఉంచి, వెనక భాగాన్ని అడుగు బెజ్జాల్లోంచి రెండు స్క్రూలతో బిగించాం. ఒక్కో డిస్కు దాదాపు 700 గ్రాములు. ఒక మేకు మీద వేలాడనిస్తే ఆ వణుకు పక్క డిస్కుకు పాకుతుంది.

డేటా కేబుళ్లు ఇలా పంచాం: మొదటి జతలో ఒకటి బోర్డుకు, ఒకటి కార్డుకు. రెండో జత కూడా అంతే. జత మొత్తాన్ని కార్డు మీద పెడితే, కార్డు పోయిన రోజు రెండు కాపీలూ ఒకేసారి కనపడకుండా పోతాయి.

రెండో అడ్డంకి: ఆన్ చేస్తే నాలుగో డిస్కు అసలు తిరగలేదు. చెయ్యి పెట్టి చూస్తే వణుకు లేదు, చప్పుడు లేదు. బయాస్‌లో పేరు రాలేదు. కేబుల్ మార్చాం, పోర్టు మార్చాం, మార్పు లేదు. మోలెక్స్‌కు క్రింప్ రకం అడాప్టర్ పెట్టి దానికి తగిలించగానే తిరిగింది.

నాలుగింట్లో మూడు నాస్ (నెట్‌వర్క్ మీద వాడే స్టోరేజీ పెట్టెల) రకం. నాలుగోది అదే మోడల్ దొరక్క డేటా సెంటర్ రకం తీసుకున్నది. తేడా మూడో పవర్ పిన్నులో ఉంది. మొదట్లో 1, 2, 3 పిన్నులు 3.3 వోల్టులవే. 2016లో వచ్చిన సాటా 3.3 వెర్షన్ నియమాల్లో మూడో పిన్నుకు కొత్త పని ఇచ్చారు. దాని మీద వోల్టేజి ఉంటే డిస్కు ఆగిపోవాలి. సర్వర్లలో మొండికేసిన డిస్కును దూరం నుంచే రీసెట్ చేయడానికి ఆ ఏర్పాటు. మామూలు ఎస్‌ఎంపీఎస్ ఆ పిన్నుకు ఎప్పుడూ 3.3 వోల్టులు ఇస్తూనే ఉంటుంది కాబట్టి డిస్కు ఎప్పుడూ ఆగే ఉంటుంది. మోలెక్స్‌లో 3.3 అనేదే లేదు కనుక దానితో తిరిగింది. డిస్కు బాగానే ఉంది. ఇలాంటప్పుడు చచ్చి వచ్చిందని వెనక్కి పంపేయకండి.

అడాప్టర్ అలాగే ఉంచేయవచ్చు కానీ, మధ్యలో ఇంకో అతుకు ఎందుకని పిన్నుకే టేపు వేశాం. వేడికి కరగని క్యాప్టన్ టేపు కావాలి. మామూలు ప్లాస్టిక్ టేపు జిగురు కారుతుంది. డిస్కు పవర్ కనెక్టర్‌లో డేటా కనెక్టర్‌కు దగ్గరగా ఉన్నది ఒకటో పిన్ను. అక్కడి నుంచి మూడు పిన్నులు మూతపడాలి. మూడోది ఒక్కటే చాలు కానీ అంత సన్నగా కత్తిరించడం కష్టం. డిస్కులు 3.3 వాడుకోవు కాబట్టి మూడూ మూసినా నష్టం లేదు. టేపును 4 మిల్లీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర సెంటీమీటరు పొడవు కత్తిరించి, ట్వీజర్‌తో పట్టుకుని, పిన్నుల మీద అతికించి, కొన అవతలి వైపుకు మడిచాం. అలా మడవకపోతే ప్లగ్ తోసేటప్పుడు టేపు ముడుచుకుపోయి లోపల ఇరుక్కుంటుంది. నాలుగో పిన్ను గ్రౌండ్ పిన్ను, దాని మీదికి టేపు ఎక్కకూడదు. భూతద్దం పెట్టి చూసి ప్లగ్ గుచ్చాం. మామూలు సాటా ప్లగ్ మీదే తిరిగింది.

5 నుంచి 7వ రోజు వరకు: ఖాళీ డిస్కుల పరీక్ష

ఫుటేజీ ఎక్కించే ముందు ప్రతి డిస్కునూ మొదటి నుంచి చివరి దాకా ఒకసారి రాసి, ఒకసారి చదివించాం. సగటున సెకనుకు 180 ఎంబీ అనుకుంటే 8 టీబీకి ఒక్క చుట్టుకు పన్నెండు గంటల పైనే. నాలుగూ ఒకేసారి నడిపినా రాయడం, చదవడం కలిపి ఒక రోజు పైనే. ఈ ఒక్క రోజు మిగుల్చుకోవాలని తొందరపడకండి. కొత్త డిస్కు చెడిపోయేదైతే మొదటి వారాల్లోనే బయటపడే అవకాశం ఎక్కువ. అప్పుడు మార్చి తెచ్చుకోవచ్చు, పోయే డేటా కూడా ఏమీ ఉండదు.

డిస్కు తన స్థితి గురించి తానే రాసుకునే స్మార్ట్ పట్టికలో చూడాల్సిన వరసలు నాలుగు. 5, 197, 198 మూడూ సున్నా ఉండాలి. వీటిలో ఏది పెరిగినా పళ్లెం మీదే దెబ్బ ఉన్నట్టు, డిస్కు వెనక్కి పంపాలి. 199 పెరిగితే చాలావరకు డిస్కుది కాదు, కేబుల్‌ది తప్పు.

మొదటి రాత్రికే రెండో డిస్కులో 199వ వరస 0 నుంచి 14కు చేరింది. మిగతా వరసలు సున్నా. క్యాబినెట్ సైడ్ ప్యానెల్ మూస్తుంటే తిన్నని సాటా ప్లగ్ వెనక కేబుల్ అడ్డంగా మడత పడుతోంది. ప్లగ్ ఎల్ ఆకారంలో వంగి ఉన్న, ఇనప క్లిప్పు ఉన్న కేబుల్ వేశాం. తర్వాత రెండు చుట్లు పూర్తయినా 14 దగ్గరే ఉంది. ఈ అంకె ఎప్పటికీ సున్నాకు రాదు. అందుకే 14 అని తేదీతో రాసి క్యాబినెట్ లోపలి వైపు అంటించాం. రేపు 15 అయితే అప్పుడు వెతకాలి.

పాత 2 టీబీ డిస్కులో 192వ వరస, అంటే ఉన్నట్టుండి కరెంటు పోయినప్పుడు డేటా చదివే హెడ్లు వెనక్కి లాక్కున్న లెక్క, 340 దాటి ఉంది. దీనికి పరిష్కారం 9వ రోజున రాశాం.

8వ రోజు: వేడి

గదిలో 34 డిగ్రీలు. నాలుగు గంటలు కాపీ నడిచాక కింది మూడు గదుల్లో డిస్కులు 40, 42, 41. ముందు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ వాటి మీదికే ఊదుతోంది. డీవీడీ గదుల్లోని రెండూ 50, 51. కంపెనీలు రాసే పరిమితి చాలా మోడళ్లకు 60 లేదా 65. అయితే ఏసీ లేని గది విజయవాడ మే నెలలో 42కు పోతే ఈ 51 కాస్తా 59 అవుతుంది. అది ఒప్పుకోదగ్గది కాదు. ముందున్న రెండు ప్లాస్టిక్ మూతలు ఊడదీసి, దుమ్ము ఆపే జాలీ వేసి, దాని వెనక 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి కేబుల్ టైలతో కట్టాం. 44, 45కు దిగాయి. జాలీ నెలకోసారి దులపాలి. దుమ్ము పేరుకుంటే ఫ్యాన్ ఉన్నా లేనట్టే.

9వ రోజు: యూపీఎస్

గోడ ప్లగ్ దగ్గర వాట్‌మీటర్ పెట్టి చూసిన అంకెలు: ఏ పనీ లేనప్పుడు 78, స్విచ్ వేసిన క్షణాన 195, రెండర్ మొదటి అర నిమిషం 305, ఆ తర్వాత 230. మానిటర్ ఇంకో 30. స్టూడియోలో ఉన్నది 600 వీఏ యూపీఎస్, దాని అసలు శక్తి 360 వాట్లు. 335 వాట్ల భారం మీద కరెంటు పోతే అది అంచు మీద నడిచి, షట్‌డౌన్ చేసేంత సమయం కూడా ఇవ్వదు. 1000 వీఏ, 600 వాట్లది పెట్టాం. యూఎస్‌బీ వైరు సిస్టమ్‌కు తగిలించి, బ్యాటరీ సగానికి రాగానే విండోస్ తనంతట తానే షట్‌డౌన్ అయ్యేలా పెట్టాం. షట్‌డౌన్ బాధ్యత మనుషుల మీద వదిలితే భోజనానికి వెళ్లినప్పుడే కరెంటు పోతుంది.

విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో హార్డ్ డిస్కులు 20 నిమిషాలకు ఆగిపోయేలా ముందే పెట్టి ఉంటుంది. దాన్ని సున్నా చేశాం. లేకపోతే రోజుకు పదిసార్లు ఐదు డిస్కులూ ఆగి, మళ్లీ ఆ 2 ఆంపియర్ల మోత మొదలవుతుంది. టైమ్‌లైన్‌లో క్లిప్ నొక్కిన ప్రతిసారీ పది సెకన్లు స్క్రీన్ బిగుసుకుపోతుంది.

10వ రోజు: జతలు కట్టడం, తీసి చూడడం

డిస్కులను జీపీటీ అనే కొత్త పద్ధతిలో ఇనిషియలైజ్ చేశాం. పాత ఎంబీఆర్ పద్ధతి అయితే 2 టీబీ పైన చోటు కనపడదు. 8 టీబీని విండోస్ 7.27గా చూపిస్తుంది. అది లెక్కించే పద్ధతిలో తేడా, ఏమీ పోలేదు. విండోస్‌లోని స్టోరేజ్ స్పేసెస్‌లో నాలుగూ కలిపి ఒకే పూల్ (డిస్కుల గుంపు) చేయకుండా, రెండేసి డిస్కులతో రెండు పూల్స్, రెండు టూ వే మిర్రర్లు చేశాం. చోటు కొంచెం అటూ ఇటూ సర్దుకోవాల్సి వస్తుంది. అయినా, సిస్టమ్ పాడైతే ఒక జతను తీసుకెళ్లి అదే విండోస్ ఉన్న ఇంకో సిస్టమ్‌లో పెట్టి తెరవవచ్చు. స్టూడియోకు అదే ముఖ్యం.

మొదటి జత మీదికి 600 జీబీ ఫుటేజీ ఎక్కించాక, షట్‌డౌన్ చేసి, ఒక డిస్కు డేటా కేబుల్ పీకి ఆన్ చేశాం. డిస్కు కనపడట్లేదని విండోస్ హెచ్చరించింది, ఫైళ్లన్నీ తెరుచుకున్నాయి, క్లిప్పులు ఆడాయి. మళ్లీ షట్‌డౌన్ చేసి కేబుల్ గుచ్చితే కాసేపట్లో రెండూ సమానమయ్యాయి. రెండో జత మీద, ఈసారి కార్డు వైపు డిస్కు పీకి, ఇదే చేశాం.

ఈ పరీక్షలోనే ఒక లోటు తెలిసింది. విండోస్ చూపించిన సీరియల్ నంబరు ఏ గదిలో డిస్కుదో బయట నుంచి చెప్పలేకపోయాం. ప్రతి డిస్కు ముందు అంచున సీరియల్ చివరి నాలుగు అంకెలు, జత నంబరు రాసిన స్టిక్కర్ అంటించాం. టేపు వేసిన డిస్కు మీద "3.3 టేపు" అని అదనంగా రాశాం. రేపు ఇంకెవరో విప్పి ఆ టేపు పీకేస్తే డిస్కు చచ్చిందనుకుంటారు.

మిర్రర్ ఉంది కదా అని బీరువాలోని పోర్టబుల్ డిస్కులు చెరపలేదు. పొరపాటున డిలీట్ చేస్తే రెండు కాపీల్లోనూ ఒకేసారి పోతుంది. ఆల్బమ్, వీడియో రెండూ ఇచ్చేసి, కుటుంబం చూసుకున్నామని చెప్పేదాకా మూడో కాపీ బీరువాలోనే.

మిగిలిన పని: 30 రోజుల తర్వాత స్మార్ట్ వరసలు 5, 192, 197, 198, 199 మళ్లీ చదవడం, సాటా ప్లగ్గుల వెనక వేలు పెట్టి వేడి చూడడం, డీవీడీ గదుల జాలీ దులపడం.